ఆర్లో కొత్త బ్యాడ్జర్ ఎందుకు కొన్నాడు

మా లార్స్‌టన్‌లో ఆ శనివారం రెండు వింతలు జరిగాయి. మే నెల మధ్యలో మంచు కురిసింది. ఆర్లో టుఫ్టె కొత్త బ్యాడ్జర్ రివాల్వర్ కొన్నాడు. మంచు సంగతి సోమవారానికల్లా అందరూ మరిచిపోయారు. రెండో సంగతి మాత్రం చర్చిలోనూ, మంగలి కొట్టులోనూ, గోధుమల గోదాము దగ్గరా వారమంతా నలిగింది. "ఆర్లోకి మతి గానీ పోయిందా?" అని నన్నే పట్టుకుని అడిగారు. అమ్మింది నేనే మరి.

నా పేరు మావిస్. మా ఆయన క్లిఫర్డ్ పెట్టిన తుపాకుల కొట్లో ఆయన ఉన్నప్పుడూ బల్ల దగ్గర ఉండేది నేనే, ఆయన పోయాక పద్నాలుగేళ్లుగా నేనే నడుపుతున్నాను. అద్దాల బల్ల పక్కన ఒక మేజా, ఆరు కుర్చీలు, ఒక కాఫీ కూజా ఉంటాయి. శనివారం పొద్దున్నే ఊళ్లో ముసలాళ్లంతా అక్కడ చేరతారు. తాగేది నా కాఫీ, కొట్టేది వాళ్ల గొప్పలు. ఒక్కోసారి ఒళ్లు మండి కుర్చీలు తీసేయిద్దామనుకుంటాను. తీసేస్తే శనివారాలు నాకే పొద్దుపోదని మళ్లీ ఊరుకుంటాను.

ఆ కుర్చీల్లో కిటికీ పక్కది ఆర్లోది. ముప్పై నాలుగేళ్లు కౌంటీ రోడ్ల మీద గ్రేడర్ నడిపాడు. వేసవిలో కంకర చదును చేయడం, చలికాలంలో మంచు తోయడం. మంచు తోసే బండి వెళ్లినప్పుడల్లా ప్రతి ఇంటి దారికీ అడ్డంగా మోకాలెత్తు మంచుగట్టు మిగులుతుంది. దాన్ని ఎవరిది వాళ్లు పారతో ఎత్తిపోసుకోవాల్సిందే. ఆర్లో మాత్రం మొగుడు పోయిన ఆడవాళ్ల ఇళ్ల ముందు బండి వెనక్కి తిప్పి ఆ గట్టు తీసేసి పోయేవాడు. కౌంటీ ఆఫీసువాళ్లు డీజిల్ వృథా అని రెండుసార్లు కాగితం ఇచ్చారు. ఆ కాగితాలు మడిచి టోపీలో పెట్టుకున్నాడంతే. క్లిఫర్డ్ పోయిన చలికాలం మొదటి మంచుకు నేను పార పట్టుకుని బయటికొచ్చేసరికి నా ఇంటి ముందు దారి శుభ్రంగా ఉంది. అక్కడే నిలబడి ఏడ్చాను. అందుకే అతని మీద ఎవరైనా నోరు పారేసుకుంటే నాకు కోపమొస్తుంది.

ఇంత మంచివాడికీ ఒక పిచ్చి ఉండేది, పాత బ్యాడ్జర్ పిచ్చి. ఆ కంపెనీ ఎప్పుడో బ్యాడ్జర్ తయారీ ఆపేసింది. నాలుగేళ్ల కిందట మళ్లీ అదే పేరుతో, అదే రూపంతో కొత్తవి చేయడం మొదలుపెట్టింది. కొత్తది గట్టిది, గురి తప్పదు, చెడిపోతే విడిభాగం దొరుకుతుంది. నేను రెండూ విప్పి చూసినదాన్ని కనుక చెబుతున్నాను. కానీ ఆర్లో దగ్గర ఆ మాట అనడానికి లేదు.

"పాతదానిలో ప్రతి ముక్కనీ ఒక మనిషి ఆకురాయితో రుద్ది రుద్ది, రెండోదానికి అమర్చాడు మావిస్. ఆ మనిషికి ఓ పేరుంది, ఓ ఇల్లుంది. కొత్తదాన్ని యంత్రం కని పారేసింది."

"యంత్రం కన్నా సరే, మనిషి కన్నా సరే, పేలడమేగా కావాల్సింది?"

"నీకు చెప్పి లాభం లేదు. కాఫీ పొయ్యి."

ఆ పిచ్చి ఊరికే రాలేదు. వాళ్ల నాన్న హెల్మర్ పశువుల మీద యజమానులు వేసే ముద్రలు తనిఖీ చేసే ఉద్యోగి. నడుముకు పాత బ్యాడ్జర్ కట్టుకుని ఇరవై ఎనిమిదేళ్లు పశువుల దొడ్లన్నీ తిరిగాడు. దాంతో కాల్చిందల్లా పాముల్ని, కాలు విరిగిన ఆవుల్ని. మనిషి వైపు ఎన్నడూ ఎత్తలేదు. ఆలోచనలో పడితే మాత్రం చేయి దానిమీదికి పోయేది. పిడికి కాస్త పైన, ఎడమ పక్క ఇనుమును బొటనవేలితో నెమ్మదిగా రుద్దుతూ ఉండేవాడు. ఆ నల్లటి నీలం మెరుగు అక్కడ బొటనవేలంత మేర అరిగిపోయి, లోపలి ఇనుము తెల్లగా బయటపడింది. ముసలాయన పోయాక రివాల్వర్ ఆర్లోకి వచ్చింది. శనివారం తెచ్చి, గుళ్ల చక్రం తెరిచి, ఖాళీగా ఉందని చూపించి, ఆ అరుగుదల మీద తన బొటనవేలు ఆనించేవాడు. "సరిగ్గా సరిపోతుంది చూడు" అనేవాడు. కొన్ని వందలసార్లు చూశాం. చూసిన ప్రతిసారీ కొత్తగానే చూపించేవాడు.

ఇక వెర్నా. ఆర్లో భార్య. బడిలో మూడొందలమంది పిల్లలకు వండిపెట్టిన మనిషి. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆమె రూబార్బ్ కాడలతో చేసే తీపి రొట్టె కోసం మా పాస్టరు ప్రసంగం పది నిమిషాలు ముందే ముగించిన రోజులున్నాయి.

వాళ్ల పెళ్లయి పాతికేళ్లు నిండిన రోజు చర్చి కింది హాల్లో విందు. అందరి ముందూ వెర్నా ఒక పెట్టె తెచ్చి ఆర్లో ఒళ్లో పెట్టింది. విప్పాడు. లోపల వాళ్ల నాన్న బ్యాడ్జర్. పిడి నుంచి గొట్టం చివరిదాకా నికెల్ పూత పూసి, పెళ్లికి తోమిన గిన్నెలా తళతళలాడుతోంది.

"ఇది మన వెండి పండగ కదా!" అంది వెర్నా చప్పట్లు కొడుతూ. "వెండిలాగే ఉండాలని పూయించాను. మోటారు సైకిళ్లకి పూత వేసే అతను చేశాడు. ముందు సాన చక్రం మీద పెట్టి ఆ గీతలూ మచ్చలూ అన్నీ తీసేశాడు. మావిస్‌కి చెబితే కొట్లో నీ చెవిన పడుతుందని ఆమెక్కూడా చెప్పలేదు!"

హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. మా వైపు పాత తుపాకీకి కొత్త పూత పూయడమంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. దాని విలువలో ముప్పాతిక వంతు పోయినట్టే. విలువ మాటకేం గానీ, ఆ బొటనవేలి చోటు పోయింది. హెల్మర్ ఇరవై ఎనిమిదేళ్లు రుద్దింది మోటారు సైకిళ్ల మనిషి ఒక్క పూటలో రుద్దేశాడు.

ఆర్లో దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలు దానంతటదే ఆ చోటికి పోయి, అద్దంలా నున్నగా తగిలి ఆగిపోయింది. నేను ఎదురుగానే ఉన్నాను, చూశాను. తర్వాత తలెత్తి వెర్నా మొహం చూశాడు.

"ఇంత అందమైన వస్తువు నా జన్మలో చూళ్లేదు" అన్నాడు.

సోమవారం పొద్దున నేను తలుపు తీసేసరికి ఆర్లో బయట నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. శనివారం ముఠానంతా పిలిపించాడు. "వెర్నాకి ఈ సంగతి ఎవరైనా చెప్పారో, వాళ్ల మొహం మళ్లీ చూడను. ఎప్పటికీ. అంతే" అన్నాడు. గొంతు పెంచలేదు. అందుకే అందరికీ భయమేసింది.

నిజం చెప్పాలంటే మా కొట్లో రహస్యం మధ్యాహ్నం దాకా నిలవదు. ఇది మాత్రం పాతికేళ్లు నిలిచింది. అందరికన్నా కష్టపడ్డవాడు నారిస్. గోదాము మేనేజరుగా చేసి దిగినవాడు. అతని ఇంట్లో పద్నాలుగు పాత రివాల్వర్లున్నాయి. ఒక్కటీ పేల్చడు. నూలు గ్లౌజులు వేసుకుని గానీ ముట్టడు. పూత పూసిన తుపాకీ చూస్తే మొహం తిప్పుకుంటాడు. వెర్నాకేమో అతనే పెద్ద నిపుణుడు. ఏటా సంత రోజుల్లో పట్టుకునేది.

"నారిస్, మా వెండి బ్యాడ్జర్ ఇప్పుడు ఎంత పలుకుతుందేంటి?"

"అబ్బో..." అని మొదలుపెట్టి చెవి గోక్కునేవాడు. "పూత లేని వాటికన్నా చాలా ఎక్కువమ్మా. అలాంటిది ఈ రాష్ట్రంలోనే లేదు." ఆ రెండో మాటలో అబద్ధమేమీ లేదు. ఒకసారి మరీ పొంగిపోయి, "అమ్మే రోజొస్తే ముందు నాకే చెప్పు. కళ్లు మూసుకుని కొంటాను" అన్నాడు. కళ్లు మూసుకునే కొనాలి మరి అని నేను వెనక గదిలోకి పోయి నవ్వుకున్నాను.

ఏళ్లు గడిచాయి. ఆర్లో ఆ నికెల్ బ్యాడ్జర్‌నే నడుముకు కట్టుకు తిరిగాడు. గ్రేడర్ మీద, చేలగట్ల మీద, వసారాలో కూర్చుని చీకటి పడేదాకా. ఓ రోజు నూనె వేయమని తెచ్చాడు. చూద్దును కదా, పిడికి కాస్త పైన, ఎడమ పక్కన నికెల్ అరిగిపోయింది. అంచు చుట్టూ నికెల్ కింద వేసిన రాగి ఛాయ, నడుమ బూడిదరంగు ఇనుము. బొటనవేలంత. నేను తలెత్తి అతని వైపు చూశాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నూనె వేసి, తుడిచి, ఆ చోటు మాత్రం గుడ్డ తగలకుండా ఇచ్చేశాను.

ఇక ఈ మే నెల సంగతికొస్తాను. ఓ రైతు భార్య తన మొగుడు ముప్పై ఏళ్లు నడుముకు కట్టుకున్న పాత బ్యాడ్జర్ అమ్మిపెట్టమని నా దగ్గర పెట్టింది. అసలు మెరుగు అలాగే ఉంది, గొట్టం చివర తోలు ఒర రాసుకున్న గీతలతో సహా. మూడు నెలలుగా ఆర్లో ప్రతి శనివారం దాన్ని తీయించి, చేతిలో పట్టుకుని, మళ్లీ పెట్టించేవాడు. యాభయ్యో పెళ్లిరోజుకు కొనుక్కుంటాడని ఊరందరికీ తెలుసు. డబ్బు కూడబెట్టుకున్నాడు. నాన్నది ఎలాగూ పోయింది, దాని తోబుట్టువైనా చేతికొస్తుందని అతని ఆశ.

ఆ శనివారం మంచు దులుపుకుంటూ ఇద్దరూ కలిసి వచ్చారు. వెర్నా చేతిలో వంటింటి తువ్వాలులో చుట్టిన మూట. అద్దాల బల్ల మీద విప్పింది. వెండి బ్యాడ్జర్. గుళ్ల చక్రం తెరిచి, ఖాళీ అని నాకు చూపించి పెట్టింది.

"చూడు మావిస్, పూత ఎలా పోయిందో! అసహ్యంగా రాగి కనబడుతోంది. ఈయనేమో పట్టించుకోడు. వచ్చే నెల యాభై ఏళ్లు, బంగారు పండగ! అందుకని బంగారు పూత పూయిస్తున్నా. ఆ మోటారు సైకిళ్ల అతని కొడుకు చేస్తానన్నాడు. ముందు సాన చక్రం మీద ఈ మచ్చ తీసేసి, అప్పుడు పూస్తాడంట. మంచి పెట్టెలో పెట్టి పంపించి పెట్టు."

నారిస్ కప్పు కింద పెట్టేశాడు. ఆర్లో మొహంలో నెత్తురు చుక్క లేదు. ఈసారి పోయేది వాళ్ల నాన్నది కాదు. అతనిది.

"బంగారం వద్దే" అన్నాడు ఎట్టకేలకు. "నువ్వున్నావు చాలదా?"

"సరసాలకేం తక్కువ లేదు. మావిస్, పెట్టె తియ్యి."

ఆర్లో కళ్లు అద్దాల బల్లంతా వెతికాయి. పై అరలో రైతు భార్య పెట్టిన పాత బ్యాడ్జర్. కింది అరలో, పెట్టె కూడా సరిగా విప్పని కొత్త బ్యాడ్జర్. పైదాని మీద చూపు కాసేపు ఆగింది. తర్వాత కిందికి దిగింది.

"నాకదిగో, అది కావాలి" అన్నాడు కొత్తదాన్ని చూపిస్తూ. "బంగారు పండక్కి కొత్తది కొనుక్కుంటా. పూత పూయిస్తే దానికి పూయించు. ఇది వెండి పండగది. దీన్ని దీని మానాన వదిలెయ్యి."

"కొత్తదా!" నారిస్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఆర్లో, యంత్రం కని పారేసిందని నువ్వే కదయ్యా..."

"మంచి యంత్రమే" అన్నాడు ఆర్లో.

నాకప్పుడు అర్థమైంది. పాతది కొన్నా వెర్నా ఊరుకోదు. బంగారు పూత దేనికో ఒకదానికి పడాల్సిందే. మరొకరి మొగుడు ముప్పై ఏళ్లు మోసినదాన్ని ఆ సాన చక్రానికి అప్పజెప్పడం అతనివల్ల కాదు. కొత్తదానిమీద ఇంకా ఎవరి చేయీ పడలేదు.

వెర్నా ఇంతలో పై అర దగ్గరికి వంగింది. "ఇదేంటి, ఈ గీతలు పడ్డ పాతదాని ధర కొత్తదానికి రెండింతలుంది? 'అసలు మెరుగు, ఎవరూ మార్చలేదు' అని రాసింది కూడాను?"

నేను కూజా అందుకుని నిండుగా ఉన్న కప్పుల్లోనే మళ్లీ కాఫీ పోయబోయాను.

"మావిస్ కళ్లజోడు పోగొట్టుకుంది" అన్నాడు ఆర్లో. "చీటీలు తారుమారు చేసింది."

కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఒక్క చీటీ తప్పు రాయని దాన్ని. "అవును, తప్పు పడింది" అన్నాను. ఆ ఒక్క మాట గొంతు దిగడానికి నాకు రెండు రోజులు పట్టింది. కొనుగోలు ఫారం నింపేటప్పుడు ఆర్లో పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత సంతకం పెట్టాడు. వెర్నా నా కళ్లజోడు వైపు ఒకసారి చూసింది.

వారం తిరిగింది. శనివారం పొద్దున అందరూ కాఫీ దగ్గర ఉండగా వెర్నా ఆర్లోని వెంటబెట్టుకుని వచ్చింది. అదే తువ్వాలు, అదే మూట. ఈసారి అద్దాల బల్ల మీద కాదు, తిన్నగా నారిస్ ముందు పెట్టి విప్పింది. గుళ్ల చక్రం తెరిచి ఖాళీ చూపించింది.

"నారిస్, దీని విలువ ఎంత?"

"అబ్బో..." నారిస్ చెవి గోక్కున్నాడు. "అలాంటిది ఈ రాష్ట్రంలోనే..."

"ఆ రైతు భార్యదానికన్నా ఎక్కువేనా?"

"చాలా ఎక్కువమ్మా."

"అయితే ఆ ధరకి కొను. కళ్లు మూసుకుని కొంటానన్నావుగా."

నారిస్ ఆర్లో వైపు చూశాడు. ఆర్లో నేల చూస్తున్నాడు. నారిస్ పిసినారితనం జిల్లా అంతా ఎరిగిందే. కాఫీలో చక్కెర కూడా మిగిలితే జేబులో వేసుకుపోతాడు. ఆ నారిస్ కోటు లోపలి జేబులో చేయి పెట్టి చెక్కుపుస్తకం తీశాడు. పెన్ను మూత తీశాడు. తేదీ రాశాడు. వెర్నా పేరు రాశాడు. అతన్ని పాతికేళ్లుగా ఎన్నిసార్లు తిట్టుకున్నానో, అవన్నీ ఆ నిమిషాన వెనక్కి తీసుకున్నాను.

"అమ్మడానికి కాదది!" ఆర్లో అరిచాడు. అతను అరవగా వినడం నాకదే మొదటిసారి.

"ఎందుకు కాదు?" వెర్నా అతని వైపు తిరిగింది. పెద్ద గొంతు చిన్నదైపోయింది. "ఆ డబ్బుతో నువ్వు మూడు నెలలుగా చూస్తున్నది కొనుక్కోవచ్చుగా? నాకు కళ్లున్నాయి ఆర్లో. మావిస్‌కీ ఉన్నాయి, కళ్లజోడు కూడా ఉంది. ఈ వారమంతా కొత్తదాని పెట్టె విప్పలేదు నువ్వు. వసారాలో కూర్చుని దీన్నే రుద్దుతున్నావు. మీ నాన్న రుద్దే చోటే. ఆ మచ్చ తీయించింది నేనే కదా? చెప్పు. నేను పాడుచేశానా దీన్ని?"

ఆర్లో టోపీ తీసి మేజా మీద పెట్టాడు.

"అవును" అన్నాడు.

వెర్నా కుర్చీలో కూలబడింది. "పాతికేళ్లు! ఊరంతా తెలుసు, నాకొక్కదానికే తెలీదు. అంతా కలిసి నవ్వుకున్నారు."

"ఎవరూ నవ్వలేదు" అన్నాను. నేను వెనక గదిలో నవ్వాను. కానీ అది నారిస్‌ని చూసి. "ఇదిగో, ఇప్పుడే చూశావుగా, ఈ పిసినారి నీకోసం చెక్కు రాశాడు."

"నాకెందుకు చెప్పలేదు ఆర్లో?"

"ఆ రోజు నీ మొహం చూశాను" అన్నాడు. "అంత సంతోషంగా నిన్ను అంతకుముందు చూళ్లేదు, పెళ్లినాడు కూడా. నాన్నది పోయిందని బాధ వేసింది వెర్నా, అబద్ధమెందుకు. చాలా వేసింది. కానీ నువ్విచ్చావు కదా. అందుకని దీన్ని పట్టుకునే ఉన్నాను." రివాల్వర్ తీసి ఆ రాగి అంచు మీద బొటనవేలు ఆనించాడు. "నాన్నకి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. నాకు పాతికేళ్లు. ఇది నాది. నీ పూత మీద అరిగింది. బంగారం పూస్తే ఇది పోతుంది. మళ్లీ అరగదీయడానికి నాకిప్పుడు డెబ్భై మూడేళ్లు."

వెర్నా చేయి చాచి రివాల్వర్ అందుకుంది. తన బొటనవేలు ఆ చోట పెట్టి చూసింది. ఆమెది చిన్న వేలు. చుట్టూ కాస్త ఖాళీ మిగిలింది.

"పూత పూయించను" అంది. "దేనికీ."

నారిస్ అప్పటికే చెక్కు నాలుగు ముక్కలు చేసేశాడు. ఆ కొత్త బ్యాడ్జర్‌తో ఇప్పుడు వెర్నాయే గట్టు మీద పెట్టిన ఖాళీ డబ్బాలకు గురిచూసి కొడుతోంది. పోయిన ఆదివారం అదే బ్యాడ్జర్ నారిస్ చేతికిచ్చి పేల్పించి, అతన్ని ఓడించింది కూడా. రైతు భార్య పాతది ఇంకా నా పై అరలోనే ఉంది. ఆర్లో దాన్ని తీయమని మళ్లీ అడగలేదు. ధర చీటీ ఉన్నదున్నట్టే ఉంది. నేను తప్పు రాయలేదు.